తిరగని తాళంచెవి వెనక ఒక ఉక్కు బద్ద

ఉప్పల్ స్టేడియంలో రాత్రి మ్యాచ్ ముగిశాక హబ్సిగూడ, రామంతాపూర్, నాచారం వైపు సందుల్లోంచి వందల కార్లు ఒక్కసారిగా బయల్దేరతాయి. సాయంత్రం చోటు దొరికిందే చాలనుకుని ఎక్కడ వీలైతే అక్కడ ఇరికించిన కార్లవి. ముందు చక్రం ఫుట్‌పాత్ అంచుకు ఆనించి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, వెనక బండికి జానెడు జాగా వదిలి పెట్టినవే ఎక్కువ. అలాంటి కారులో కూర్చుని తాళంచెవి పెడితే ఒక్కోసారి అది కదలదు. బయటికి తీసి మళ్ళీ పెడతారు. చొక్కాకు తుడిచి పెడతారు. గట్టిగా తిప్పుతారు. ఈలోగా వెనక హారన్లు మొదలవుతాయి. ఇంకాస్త గట్టిగా తిప్పుతారు. చెవి వంగేదీ, విరిగేదీ ఆ "ఇంకాస్త" దగ్గరే.

నిజానికి చాలాసార్లు ఆ కారులో చెడిపోయింది ఏమీ ఉండదు. తాళం తన పని తాను సరిగ్గా చేస్తోంది కాబట్టే చెవి తిరగడం లేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళు క్షణాల్లో బండి తీస్తారు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గరో నాచారం పారిశ్రామికవాడ పక్కనో షెడ్డు నడిపే ఏ మెకానిక్‌కు ఫోన్ చేసినా మొదట వినిపించే సలహా దాదాపు ఇలాగే ఉంటుంది: "చెవి మీద జోర్ పెట్టకుండ్రి సార్. స్టీరింగ్ జర అటూ ఇటూ కదుపుకుంట తిప్పుండ్రి." ఆ సలహా ఎందుకు పనిచేస్తుందో తెలుసుకుంటే, అది ఎప్పుడు పనిచేయదో కూడా తెలుస్తుంది.

స్టీరింగ్ చక్రం నుంచి ముందు చక్రాల వైపు ఒక ఉక్కు కడ్డీ దిగుతుంది. దాని చుట్టూ కొన్ని గాట్లు ఉంటాయి. ఇంజను ఆపి తాళంచెవి బయటికి తీయగానే, స్ప్రింగు ఒత్తిడితో కాచుకుని ఉన్న ఉక్కు బద్ద ఒకటి ఆ కడ్డీ వైపు దూకుతుంది. ఎదురుగా గాటు ఉంటే అందులో పడిపోతుంది. లేకపోతే కడ్డీని ఆనుకుని ఎదురుచూస్తుంది. ఎవరైనా స్టీరింగ్‌ను కాస్త తిప్పగానే టక్కుమని గాట్లో కూర్చుంటుంది. స్కూటర్ హ్యాండిల్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పితేనే లాక్ పడుతుంది. కారు కడ్డీకి గాట్లు ఒకటికి మించి ఉంటాయి కనుక స్టీరింగ్ ఏ స్థితిలో ఉన్నా కొద్దిగా తిరిగితే చాలు, లాక్ పడుతుంది. సీట్లోంచి లేస్తూ స్టీరింగ్ పట్టుకుని ఊతం తీసుకునే అలవాటు చాలామందికి ఉంది. ఆపి ఉన్న కారులో పిల్లలు స్టీరింగ్‌తో ఆడుకుంటారు. బద్దను గాట్లో గట్టిగా బిగించేది ఎక్కువగా ఇలాంటి పనులే.

మరో కారణం కంటికి కనిపించదు, అది టైరులో దాగి ఉంటుంది. బండి కదలకుండా నిలబెట్టి స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు కింది భాగం రోడ్డును పట్టుకుని ఉంటుంది, పై భాగం మాత్రం చక్రంతో పాటు తిరుగుతుంది. మధ్యలోని రబ్బరు గోడలు మెలిపడతాయి. ఆ మెలిక విప్పుకోవాలని రబ్బరు ఎంతసేపైనా ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఆ బలం చక్రం నుంచి కడ్డీకి, కడ్డీ నుంచి గాటులోని బద్దకు చేరుతుంది. ముందు చక్రం ఫుట్‌పాత్‌నో గుంత అంచునో నొక్కుకుని ఉంటే ఈ బలం ఇంకా ఎక్కువ. మ్యాచ్ నాటి పార్కింగుకూ, నాచారం, మల్లాపూర్ వైపు వాలుగా ఉన్న వీధుల్లో పెట్టిన కార్లకూ ఈ తిప్పలు ఎక్కువగా రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. స్టీరింగ్ అంచు కడ్డీ మధ్యనుంచి సుమారు 18 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. గాటు ఉన్న చోట కడ్డీ వ్యాసార్ధం 1.5 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే అంచు మీద పడిన బలం బద్ద దగ్గరికి వచ్చేసరికి 12 రెట్లవుతుంది. లేస్తూ లేస్తూ స్టీరింగ్ మీద 10 కిలోల బలం మోపితే బద్ద మీద 120 కిలోలు పడినట్టు. రెండు వస్తువులను ఒకదానికొకటి ఎంత గట్టిగా నొక్కితే వాటి మధ్య ఘర్షణ అంత పెరుగుతుందని ఫ్రాన్స్‌లో గియోమ్ అమోంతోఁ 1699లోనే సూత్రీకరించాడు. కందెన పూసిన ఉక్కు మీద ఉక్కు జారడానికి ఆ నొక్కుడు బలంలో సుమారు 15 శాతం కావాలనుకుంటే, బద్దకు గాటు గోడ వైపు ఒకటి, అది జారే దారి గోడ వైపు ఒకటి, రెండు చోట్ల ఘర్షణ ఉంది. అన్నీ కలిపితే 36 కిలోలు. ఆ బద్దను అంత బలంతో వెనక్కి లాగే పనిని మనం రెండు వేళ్ళతో పట్టుకున్న చిన్న చెవికి అప్పగిస్తున్నాం.

అదే స్టీరింగ్‌ను సరైన వైపు కాస్త తిప్పి పట్టుకుంటే బద్ద మీది 120 కిలోలు దాదాపు సున్నా అవుతాయి. నొక్కుడు సున్నా అయితే ఘర్షణ కూడా సున్నానే. వానాకాలం ఉబ్బిన తలుపు గడియ బిగుసుకున్నప్పుడు మన అమ్మమ్మలు గడియతో కుస్తీ పట్టరు, తలుపును తమ వైపు లాగి పట్టుకుని గడియ తీస్తారు. ఇక్కడ జరిగేదీ అదే.

స్టీరింగ్‌ను ఎటు తిప్పాలన్నది చేతికే తెలుస్తుంది. లాక్ పడిన స్టీరింగ్‌ను ఒక వైపు తిప్పితే రాయిలా ఆగిపోతుంది. రెండో వైపు తిప్పితే కొద్దిగా, స్ప్రింగులా లొంగుతుంది. ఆ లొంగిన వైపే కావలసింది. టైరు తోస్తున్న దిశకు అది ఎదురు దిశ. ఎడమచేత్తో స్టీరింగ్‌ను అటు తిప్పి పట్టుకుని, కుడిచేత్తో చెవిని మామూలు బలంతో తిప్పాలి. స్టీరింగ్‌ను గట్టిగా కొట్టడమూ ఊపడమూ అక్కర్లేదు. మరీ ఎక్కువ తిప్పితే బద్ద గాటు అవతలి గోడకు బిగుసుకుని మళ్ళీ మొదటికొస్తుంది. నడుమ ఎక్కడో ఒక చోట చెవి దానంతటదే జారినట్టు తిరుగుతుంది. ఇంజను ఆగి ఉంది కనుక పవర్ స్టీరింగ్ సాయం ఉండదు, చెయ్యి కాస్త బరువుగా తగులుతుంది. చక్రం ఫుట్‌పాత్‌ను మరీ గట్టిగా నొక్కుకుని ఉంటే, సమతలమైన చోట మాత్రమే, గేరు న్యూట్రల్‌లో పెట్టి, కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉంచుకుని, ఒకరిద్దరి చేత బండిని బెత్తెడు దూరం వెనక్కి తోయించుకుంటే ఆ ఒత్తిడి వదులుతుంది. వాలు మీద ఈ పని వద్దు.

చెవి మీద బలం ఎందుకు పెట్టకూడదో కూడా తెలియాలి. తాళంచెవి సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రేకు. పలచని రేకును మెలిపెట్టినప్పుడు అది తట్టుకునే శక్తి మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. మందం సగమైతే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా దాని అంచున కోసిన పళ్ళ మొదళ్ళలో ఒత్తిడి అంతా పోగవుతుంది. చెవులకు ఎక్కువగా వాడేది ఇత్తడి గానీ, రాగి, జింకు, నికెల్ కలిసిన మిశ్రమం గానీ. ఉక్కుతో పోలిస్తే రెండూ మెత్తనివే. పట్టకారుతో పట్టి తిప్పితే వేళ్ళ కంటే ఎన్నో రెట్లు మెలి పడుతుంది. సగం చెవి చేతిలోకి, సగం తాళంలోకి పోయాక ఉచితంగా అయ్యే పని వేల రూపాయల పని అవుతుంది.

ఈ బద్దను కార్లలో పెట్టడానికి కారణం దొంగలు. డాష్‌బోర్డు కింద రెండు తీగలు కలిపి ఇంజను స్టార్ట్ చేయడం ఒకప్పుడు సులువు. ఇంజను నడిచినా స్టీరింగ్ తిరగకపోతే దొంగ ఎక్కడికీ పోలేడన్నది దీని వెనక ఆలోచన. 1960ల మొదట్లో పశ్చిమ జర్మనీ దీన్ని కొత్త కార్లకే కాకుండా అప్పటికే రోడ్ల మీద ఉన్న పాత కార్లకూ తప్పనిసరి చేసింది; కార్ల దొంగతనాలు బాగా తగ్గాయి. బ్రిటన్ 1970ల మొదట్లో కొత్త కార్లకు మాత్రమే పెట్టించింది. దొంగలు పాత కార్ల మీద పడ్డారు. నేరాల మీద పరిశోధన చేసేవాళ్ళు ఈ రెండు దేశాల అనుభవాన్ని ఇప్పటికీ ఉదాహరణగా చెబుతారు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1969 మోడళ్ళ నుంచి చెవి రంధ్రాన్ని స్టీరింగ్ కాలమ్ మీదికి మార్చి బద్దను జతచేసింది. చెవి తిప్పితేనే ఇంజను స్టార్ట్ అయ్యే పద్ధతి కూడా అంత పాతదేమీ కాదు, 1949లో క్రైస్లర్ తెచ్చింది. చెవితో కరెంటు ఇవ్వడం, స్టార్ట్ చేయడం, స్టీరింగ్ విడిపించడం అనే మూడు పనులు ఒకే చోట చేరడం వల్లనే ఈ చిన్న భాగం మీద ఇంత భారం పడింది.

స్టీరింగ్ రెండు వైపులా స్వేచ్ఛగా కదులుతున్నా చెవి తిరగడం లేదంటే, లేదా రోజూ నాలుగైదుసార్లు తీసి పెడితేగానీ తిరగడం లేదంటే, తప్పు బద్దది కాదు. అప్పుడు తాళం లోపలికి చూడాలి. కారు తాళంలో ఒక గుండ్రటి లోహపు ముక్క మరో గొట్టంలో తిరగాలి. ఆ ముక్కలో వరసగా పలచని బిళ్ళలు ఉంటాయి, ఒక్కోదాని కింద సన్నని స్ప్రింగు. చెవి లేనప్పుడు బిళ్ళల అంచులు బయటికి పొడుచుకొచ్చి గొట్టం గాట్లో పడి ఉంటాయి. సరైన చెవి దూరితే దాని పళ్ళు ఒక్కో బిళ్ళను సరిగ్గా కావలసినంత ఎత్తు లేపుతాయి. అన్ని అంచులూ లోపలి ముక్కతో సమంగా వచ్చినప్పుడే అది తిరుగుతుంది. ఒక్క బిళ్ళ తేడాగా నిలిచినా తిరగదు. ఎనిమిది బిళ్ళలు, ఒక్కోదానికి నాలుగు లోతులు అనుకుంటే 65,536 రకాల చెవులు చేయవచ్చు. లోతుకూ లోతుకూ మధ్య తేడా సుమారు అర మిల్లీమీటరే. అందులో నాలుగో వంతు అరిగినా బిళ్ళలు దారి తప్పడం మొదలవుతుంది.

ఉప్పల్ ప్రాంతంలో ఈ అరుగుదలకు మరో సాయం ఉంది, దుమ్ము. హైదరాబాద్ నిలబడింది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు మీద. ఆ రాయి వయసునూ పుట్టుకనూ చదివే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డులోనే ఉంది. ఇప్పుడు ఊరంతా కట్టడాలకు వాడే రోబో శాండ్ కూడా పిండి చేసిన రాయే. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎత్తైన రహదారి పనులు ఏళ్ళ తరబడి సాగిన వరంగల్ రోడ్డు మీద తిరిగినవాళ్ళకు ఆ దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. గ్రానైటులో ఉండే స్ఫటికశిల, అంటే క్వార్ట్జ్, ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్దపై 7 దగ్గర ఉంటుంది. ఇత్తడి 3 దగ్గర. జేబులో, చెవి రంధ్రంలో చేరిన ఆ సన్నని రేణువులు ప్రతిసారీ చెవినీ బిళ్ళలనూ గీరుతూనే ఉంటాయి.

ఇక్కడే మన ఇళ్ళలో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె చుక్క వేస్తారు. మొదటి రోజు హాయిగా తిరుగుతుంది. తరవాత నూనె దుమ్మును పట్టుకుని ముద్ద చేస్తుంది, ఆ ముద్ద రాతిపొడి కలిసిన అరగదీత మందులా పనిచేస్తుంది. పైగా కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ తెల్లవారుజామున చలి 15 డిగ్రీల కంటే కిందికి దిగే రోజులున్నాయి. పలచని స్ప్రింగులు ఆ గడ్డలో బిళ్ళలను కదపలేవు. ఎండాకాలం బాగానే ఉన్న తాళం చలికాలం పొద్దున్నే మొరాయిస్తోందంటే ఈ నూనెను అనుమానించవచ్చు.

తాళాలకు పొడి కందెన మంచిది. గ్రాఫైట్ పొడిలో కార్బన్ అణువులు పలచని పొరలుగా పేరుకుని ఉంటాయి. ఒక్కో పొరలో బంధాలు చాలా గట్టివి, పొరకూ పొరకూ మధ్య బలహీనం. అందుకే పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. ఈ జారుడుకు గాలిలోని తేమ కూడా కావాలని 1940లలో తెలిసింది. యుద్ధవిమానాలు చాలా ఎత్తుకు ఎగిరినప్పుడు వాటి జనరేటర్లలోని కార్బన్ బ్రష్షులు విపరీతంగా అరిగిపోయేవి, అక్కడి గాలిలో తేమ లేకపోవడమే కారణం. మన తాళాలకు ఆ ఇబ్బంది లేదు. చెవికి చిటికెడు గ్రాఫైట్ అద్ది లోపలికీ బయటికీ నాలుగుసార్లు ఆడిస్తే చాలు. గ్రాఫైట్ కరెంటును పోనిస్తుంది, తాళం వెనకే స్విచ్చు ఉంటుంది, కాబట్టి గుమ్మరించకూడదు. టెఫ్లాన్ కలిసిన పొడి కందెన స్ప్రే కూడా పనికొస్తుంది. పెన్సిల్ ములుకు గీకి వేయమని కొందరంటారు. అందులో బంకమట్టి కూడా కలిసి ఉంటుంది కనుక నేను వద్దనే అంటాను. అప్పటికే నూనె పోసి ఉన్న తాళంలో గ్రాఫైట్ వేస్తే నల్లటి ముద్దే మిగులుతుంది, ముందు శుభ్రం చేయించాలి.

"ఎండకు లోహం ఉబ్బి తాళం పట్టేసింది" అని మే నెలలో చాలామంది అంటారు. లెక్క ఒప్పుకోదు. 15 మిల్లీమీటర్ల ఇత్తడి ముక్క 30 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది మిల్లీమీటరులో నూరో వంతు కూడా కాదు. దాని చుట్టూ ఉన్న గొట్టం చాలా కార్లలో జింకు మిశ్రమంతో పోతపోసినది. జింకు ఇత్తడి కంటే ఎక్కువ ఉబ్బుతుంది కనుక సందు తగ్గకపోగా పెరుగుతుంది. ఎండాకాలం తాళం పట్టేస్తే ఎండను వదిలేసి దుమ్మునూ అరుగుదలనూ చూడండి.

అరుగుదల చెవిదా బిళ్ళలదా అని తేల్చడానికి ఇంట్లో పడి ఉన్న రెండో చెవి ఉపయోగపడుతుంది. అది సులువుగా తిరిగితే రోజూ వాడే చెవి అరిగింది. అదీ తిరగకపోతే తాళం లోపలే ఏదో ఉంది. అరిగిన చెవిని తీసుకెళ్ళి అలాగే ఇంకోటి చేయించుకోవడం దండగ. యంత్రం అరుగుదలతో సహా నకలు తీస్తుంది, దానికి తన చిన్న తేడాను కూడా కలుపుతుంది. కూడళ్ళలో చిన్న బల్ల వేసుకుని చెవులు చేసే సర్దార్జీలను చూసే ఉంటారు. ఈ వృత్తిలో ఉన్న సిక్లీగర్ సిక్కుల పూర్వీకులు ఆయుధాలు చేసి వాటికి సాన పట్టినవాళ్ళు. నకలు యంత్రం లేకుండానే ఉత్త చెవిని తాళంలో పెట్టి, పడిన సన్నని గుర్తులను వెలుతురులో చూసి, ఆకురాయితో వెంట్రుకవాసి చొప్పున అరగదీసే వాళ్ళ నేర్పు నాకు గొప్ప ఇంజనీరింగ్ పనిగానే కనిపిస్తుంది. పాత కారుకు వాళ్ళ చెయ్యి చాలు. చిప్ ఉన్న చెవికి మాత్రం లోహం కోస్తే సరిపోదు, లోపలి సంకేతాన్ని కూడా కారుకు పరిచయం చేయాలి. ఒకటి గుర్తుంచుకోండి: చిప్ పోతే చెవి తిరుగుతుంది, ఇంజను మాత్రం స్టార్ట్ కాదు. చెవే తిరగడం లేదంటే అది చిప్ సమస్య కాదు.

ఆటోమేటిక్ కార్లలో గేరు పి స్థానంలో లేకపోతే చెవి చివరిదాకా వెనక్కి తిరగదు, బయటికి రాదు. కొన్ని మాన్యువల్ కార్లలో చెవిని లోపలికి నొక్కితేనే చివరి స్థానానికి తిరుగుతుంది. ఇవి లోపాలు కావు. బండి నడుస్తుండగా పొరపాటున స్టీరింగ్ లాక్ పడకుండా పెట్టిన అడ్డంకులు. ఫ్లైఓవర్ దిగుతూ పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపేసేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ క్షణం నుంచి పవర్ స్టీరింగ్ ఉండదు, బ్రేకు సాయం రెండు మూడు తొక్కుళ్ళకే అయిపోతుంది, చెవి ఇంకొంచెం తిరిగి బయటికి వస్తే బద్ద గాట్లో పడుతుంది. పెట్రోలు ఆదా కోసం చేయదగ్గ సాహసం కాదిది.

చెవి మరీ సులువుగా తిరగడం కూడా ప్రమాదమే. జనరల్ మోటార్స్ 2014లో మొదట సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. వాటి స్విచ్చులో చెవిని తన స్థానంలో నిలిపే పట్టు బలహీనంగా ఉండి, బరువైన చెవుల గుత్తి లాగినా, గతుకులు తగిలినా చెవి జారి ఇంజను ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు పనిచేసేవి కావు. ఆ లోపం వల్ల 124 మంది చనిపోయారని పరిహార నిధి తేల్చింది. మరమ్మతు అయ్యేదాకా గుత్తిలోంచి కారు చెవి తప్ప మిగతావన్నీ తీసేయమని కంపెనీ చెప్పింది. మన కార్లకు ఆ లోపం లేకపోయినా, ఇంటి చెవులు, బీరువా చెవులు, ఇత్తడి దేవుడి బొమ్మ అన్నీ వేలాడే గుత్తి ప్రతి గతుకుకూ ఊగి తాళాన్ని లోపల అరగదీస్తుంది. కారు చెవిని విడిగా ఉంచుకోవడం మేలు.

బటన్ నొక్కే కార్లకూ కొన్నిటికి ఈ బద్ద ఉంది, దాన్ని లాగేది చిన్న మోటారు. స్టీరింగ్ మీద ఒత్తిడి ఉంటే ఆ మోటారు కూడా ఓడిపోతుంది, డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతుంది. చేయవలసింది అదే: స్టీరింగ్‌ను మెల్లగా కదుపుతూ బటన్ నొక్కడం.

కొత్త కారు ఇచ్చేటప్పుడు చాలా కంపెనీలు చెవులతో పాటు ఒక అంకె చెక్కిన చిన్న రేకు ముక్క ఇస్తాయి. ఆ అంకె ఉంటే అరిగిన చెవిని చూడనక్కర్లేకుండా, కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి కొలతలతో కొత్త చెవి కోయించుకోవచ్చు. చాలామంది దాన్ని గుత్తికే తగిలించి ఉంచుతారు. గుత్తి పోతే అదీ పోతుంది, దొరికినవాడికి చెవి కొలత కూడా దొరుకుతుంది. ఆ రేకు మీ ఇంట్లో ఎక్కడుందో ఇవాళే వెతకండి. అంకెను కాగితం మీద రాసి ఇంటి కాగితాలతో భద్రపరచండి, కారులో మాత్రం పెట్టకండి.